కొండ ఊరి పిల్లలకు పది ట్యాబ్‌లు కొనిద్దామనుకుంటున్నాం. ఏవి కొనాలి, ఏ యాప్‌లు వేయాలి?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. విజయనగరంలో చదువుకుని హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేస్తున్న మీరు నలుగురు స్నేహితులు కలిసి లక్షా ఇరవై వేలు పోగుచేశారు. శృంగవరపుకోట వైపు కొండ మీద ఉన్న ఒక ఊరి బడికి పది ట్యాబ్‌లు ఇద్దామనుకుంటున్నారు. నేను శ్రీకాకుళం జిల్లా మందస మండలంలో, మహేంద్రగిరి దిగువన, సవర గిరిజన పిల్లలు ఎక్కువగా వచ్చే చిన్న బడిలో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. ఏ కంపెనీవి కొనాలో నేను చెప్పను. ఇంకా కొనలేదు కాబట్టి, దయచేసి కొంచెం ఆగండి.

2018 ఆగస్టులో ఒక దాత మాకు ఆరు ట్యాబ్‌లు ఇచ్చారు. చాలా సంబరపడ్డాం. అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. మా ఉద్దానం ప్రాంతమంతా కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. మా ఊరికి కరెంటు వచ్చేసరికి మూడు వారాలు దాటింది. అప్పుడు ఛార్జింగ్ పెడితే రెండు ట్యాబ్‌లు వెలగనే లేదు. మిగతా నాలుగూ లాగిన్ అడిగాయి. ఊళ్లో సిగ్నల్ లేదు. వాటిని సంచిలో వేసుకుని బండి మీద మందస వెళ్లి, అక్కడ లాగిన్ చేసి తెచ్చేవాణ్ని. వారం తిరిగేసరికి మళ్లీ అడిగేవి. సంక్రాంతికల్లా అన్నీ బీరువాలోకి చేరాయి.

కానీ అసలు సంగతి నాకు కరోనా సమయంలో తెలిసింది. బడులు మూసేశాక దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వచ్చేవి. మా ఊళ్లో టీవీ ఉన్న ఒక ఇంటి అరుగు మీద పిల్లలు చేరేవారు, నేనూ వెనక కూర్చునేవాణ్ని. పాఠం చక్కగా చెప్పేవారు. కాకపోతే అది ఐదో తరగతి పాఠం. మా ఐదో తరగతి పిల్లల్లో సగం మందికి గుణింతాలే సరిగ్గా రావు. వాళ్లు కదలకుండా చూసేవారు, ఏమీ అర్థమయ్యేది కాదు. సిగ్నల్ లేకపోవడం, కరెంటు లేకపోవడం కాదు మా మొదటి సమస్య అని ఆ అరుగు మీద అర్థమైంది.

అందుకే మొదట ట్యాబ్‌లు లేకుండా ఒకసారి ఆ ఊరు వెళ్లండి. ఒక్కో పిల్లవాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని అక్షరాలు, తర్వాత చిన్న పదాలు, తర్వాత ఒకటో తరగతి పేరా, చివరికి రెండో తరగతి కథ చదివించండి. పల్లె పిల్లలకు చదవడం ఎంత వచ్చో చూసే అసర్ సర్వేలో ఏళ్లుగా ఇలాగే చూస్తున్నారు. ఒక్కో పిల్లకు ఐదు నిమిషాలు చాలు. ఎవరు ఎక్కడ ఆగిపోయారో రాసుకోండి. ఏ పాఠం పెట్టాలో ఆ కాగితమే చెబుతుంది. తరగతిని బట్టి కాకుండా ఆగిన చోటును బట్టి పిల్లల్ని జట్లుగా చేయండి. నాలుగో తరగతి పిల్లా రెండో తరగతి పిల్లాడూ పక్కపక్కన కూర్చుంటే తప్పేమీ లేదు.

రెండోది, ఇంట్లో ఏ భాష మాట్లాడతారో కనుక్కోండి. మీరు చెప్పిన వైపు కొండదొర గిరిజనుల్లో చాలామంది తెలుగే మాట్లాడతారు, కొందరిది కూబి అనే వాళ్ల సొంత భాష. మా పిల్లలది సవర. దానికీ తెలుగుకూ చుట్టరికం లేదు, అది ముండా భాషల కుటుంబానికి చెందింది. ఈ జిల్లాలోనే పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారు ఆ భాష నేర్చుకుని 1931లో సవర వ్యాకరణం అచ్చు వేయించారు. పిల్లలకు ముందు వాళ్ల భాషలో చెప్పాలన్న పట్టుదల ఆయనకు అంత పాతకాలంలోనే ఉండేది. నాకు మాత్రం ఉద్యోగంలో చేరిన నాలుగేళ్లకు గానీ ఆ బుద్ధి పుట్టలేదు, ఇప్పటికీ ఆ బాధ ఉంది.

ఇక్కడ ఒక పిల్ల గురించి చెప్పాలి. పిల్లలు గట్టిగా చదువుతుంటే విని తప్పొప్పులు చెప్పే యాప్‌లు ఉన్నాయి కదా, అలాంటిది ఒకటి నా ఫోన్‌లో వేసి మూడో తరగతి పిల్లకు ఇచ్చాను. కథలో కాకి అడుగుతుంది, "ఏమిటి అది?" అని. ఆ పిల్ల వేలు పెట్టి చూసి "ఏటి అది?" అని చదివింది. ఎర్ర గీత వచ్చింది. మళ్లీ "ఏటి అది?" అంది, మళ్లీ ఎర్ర గీత. మూడోసారి గొంతు తగ్గించింది. తర్వాత ఫోన్‌ను ఒళ్లో బోర్లించి తలొంచుకుంది. ఆ పిల్ల తప్పు చదవలేదు. అక్షరాలు చూసి, అర్థం చేసుకుని, తనకు తెలిసిన తెలుగులో చెప్పింది. ఇంట్లో సవర, సంతలో మన వైపు తెలుగు, పుస్తకంలో ఇంకో తెలుగు. మూడో భాషలాంటి దాన్ని చదివి మరీ అర్థం చెప్పిన పిల్లను మెషిన్ తప్పు అంది. "బాగా చదివావమ్మా, పుస్తకంలో దాన్నే ఏమిటి అని రాస్తారు" అన్నాను. ఆ మాట చెప్పడానికి పక్కన మనిషి ఉండాలి. ఆ యాప్ ఇప్పటికీ వాడుతున్నాను, అక్షరాలు, పదాలు సాధన చేయడానికి బాగుంటుంది. కానీ ఒంటరిగా ఏ పిల్ల చేతిలోనూ పెట్టను.

ఇక మాకు పనికొచ్చిన ఏర్పాటు. రాస్ప్‌బెరీ పై అని అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ ఉంటుంది. అందులో పాఠాలు దాచిపెట్టి చూపించే కొలిబ్రి అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసి, హాట్‌స్పాట్ సెట్ చేసుకుంటే ఆ చిన్న పెట్టే సొంతంగా వైఫై ఇస్తుంది. సిమ్ అక్కర్లేదు, ఇంటర్నెట్ అక్కర్లేదు. చుట్టూ ఉన్న పాత ఫోన్లలో బ్రౌజర్ తెరిస్తే పాఠాలు వస్తాయి. స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్‌లో తెలుగు కథల పుస్తకాలు ఉచితంగా దొరుకుతాయి, అవి అందులో వేసుకున్నాం. ఇరవై వేల ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ పెడితే పది గంటలు నడుస్తుంది. రోజుకు గంటన్నర చొప్పున ఆరు రోజులు వస్తుంది. ఆదివారం సంతకు వెళ్లే ఎవరో ఒకరు ఛార్జ్ చేసి తెస్తారు. బడి పుస్తకాల్లోని క్యూఆర్ కోడ్‌లతో తెరుచుకునే, ప్రభుత్వ దీక్షా యాప్‌లోని వీడియోలు కూడా టౌన్‌లో డౌన్‌లోడ్ చేసుకుని తెచ్చుకోవచ్చు.

అన్నిటికంటే పిల్లలు ఎక్కువ వినేవి మా ఊరి ముసలమ్మలు సవరలో చెప్పిన కథలు. రాయకుండా రికార్డు చేయడానికి కారణం ఉంది. సవరలో గొంతు దగ్గర గాలిని ఆపి పలికే శబ్దం ఒకటుంది, మన అక్షరాల్లో అది ఇమడదు. వింటేనే సరి. ముందు సవరలో కథ వింటారు, తర్వాత అదే కథ తెలుగులో చదువుతారు. కథ ముందే తెలుసు కాబట్టి పదం దగ్గర ఆగినా భయపడరు.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఆ పెట్టెను షట్‌డౌన్ చేయకుండా వైరు పీకితే మెమరీ కార్డు పాడవ్వొచ్చు. ఒకరోజు వాన వస్తోందని కంగారులో పీకేశాను. పదకొండు కథలు పోయాయి. మళ్లీ చెప్పించుకున్నాం, కానీ పెద్దావిడ రెండోసారి కథ కుదించి చెప్పింది. మొదట పాడిన పాట ఈసారి పాడలేదు. అప్పటి నుంచి రెండు కార్డులు ఉంచుతున్నాం, ఒకటి మా ఇంట్లో.

డబ్బు సంగతికి వస్తే, ప్రభుత్వమే 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌లు ఇచ్చింది. పై తరగతులకు అలా వస్తువులు వచ్చాయి. కొరత చిన్న తరగతుల్లో, సాయంత్రం పూట, పక్కన కూర్చునే మనిషికి. మా ఊళ్లో ఇంటర్ చదివిన సవర అమ్మాయి రోజూ ఆరు నుంచి ఏడున్నర వరకు పిల్లలతో కూర్చుంటుంది. నెలకు మూడు వేలు ఇస్తున్నాం. మీ లెక్క వేసి చూడండి. పెట్టె, పవర్ బ్యాంక్, నాలుగు పాత ఫోన్లు, రెండు స్పీకర్లు, అన్నీ కలిపి ముప్పై వేలు పెట్టుకోండి. అలాంటి అమ్మాయికి రెండేళ్ల జీతం డెబ్బై రెండు వేలు. ఇంకా పద్దెనిమిది వేలు మిగులుతాయి, రిపేర్లకు ఉంచండి. జీతం ఆగకుండా ఇవ్వగలిగితేనే మొదలుపెట్టండి. మూడు నెలలు ఇచ్చి ఆపేస్తే ఆ అమ్మాయి ఊళ్లో తలెత్తుకోలేదు, తర్వాత ఇంకెవరూ ముందుకు రారు.

బడిలో మేస్టారితో ముందే మాట్లాడండి. చెప్పకుండా వస్తువులు దింపితే అవి పోతాయేమోనన్న టెన్షన్‌తో ఆయనే తాళం వేసి పెడతారు, అది ఆయన తప్పు కాదు. మార్చి, ఏప్రిల్‌లలో మాత్రం వెళ్లకండి. మా వైపు అప్పుడు జీడిపిక్కలు ఏరే కాలం, పిల్లలు తల్లిదండ్రులతో తోటల్లో ఉంటారు, మీ వైపూ అంతే అయి ఉండొచ్చు. జూన్‌లో బడి తెరిచాక వెళ్లండి. చదివించి చూసిన కాగితం ఇక్కడ పెడితే, ఏ కథతో మొదలుపెట్టాలో నాకు తోచింది చెబుతాను.