మెడికల్ షాపు పెట్టాలంటే సర్టిఫికెట్ అద్దెకు తెచ్చుకోవాలా, డి.ఫార్మసీ చదవాలా?

మీరు అడిగింది ఇది. ఇంటర్ బైపీసీ అయింది, ఆరేళ్ళుగా ఒక మందుల షాపులో పనిచేస్తున్నారు, ఏ మందు ఏ ర్యాకులో ఉందో కళ్ళు మూసుకుని చెప్పగలరు. సొంత షాపు పెట్టుకుందామంటే ఫార్మసిస్టు సర్టిఫికెట్ కావాలంటున్నారు. నెలకింత అని ఇచ్చి ఎవరిదో తెచ్చి గోడకు తగిలించడమా, రెండేళ్ళు పెట్టి డి.ఫార్మసీ చదవడమా? అసలు ఈ లైసెన్సు గోలకు పెట్టే డబ్బుకు ఫలితం ఉందా?

నేను రెండూ చేశాను. ముందు అద్దె సర్టిఫికెట్‌తో అయిదేళ్ళు షాపు నడిపాను, ఆ తర్వాత ముప్పయ్యో ఏట కాలేజీకి వెళ్ళి ఇంటర్ పిల్లల పక్కన బెంచీ మీద కూర్చున్నాను. అందుకని కాస్త వివరంగానే రాస్తాను.

ముందు డబ్బు సంగతి. ప్రభుత్వానికి కట్టేది నిజానికి పెద్ద మొత్తం కాదు. రిటైల్ షాపుకు ఫారం 20, ఫారం 21 అని రెండు లైసెన్సులు. ఒక్కోదానికి 1,500 చొప్పున 3,000 రూపాయలు చలానా. 2017లో నిబంధన మారాక ప్రతిసారీ రెన్యువల్ దరఖాస్తు పెట్టే బాధ కూడా పోయింది, అయిదేళ్ళకోసారి రిటెన్షన్ ఫీజు కడితే లైసెన్సు కొనసాగుతుంది. ఖర్చంతా దీని చుట్టూ ఉంటుంది. 2011లో నేను పెట్టినప్పుడు ఫైలు తయారుచేసి పెట్టినందుకు మధ్యవర్తి తీసుకున్నది చలానాకు అయిదు రెట్లు. ఇప్పుడు దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే, మీరే కూర్చుని చేసుకోవచ్చు, దానికి ఎవరికీ ఒక్క రూపాయి ఇవ్వకండి.

రెండో దెబ్బ గది. రిటైల్ షాపుకు కనీసం 10 చదరపు మీటర్లు ఉండాలి. నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. బస్టాండుకు ఎదురుగా పదడుగులకు పదడుగుల గది, మంచి చోటు, దొరికిందే భాగ్యమని అడ్వాన్సు ఇచ్చేశాను. తనిఖీకి వచ్చినాయన టేపు పెట్టి కొలిచి వంద చదరపు అడుగులే అన్నారు. కావలసింది 108 దాకా. ఎనిమిది చదరపు అడుగుల తేడాకు ఆ గది వదులుకున్నాను. ఓనరు అడ్వాన్సు తిరిగి ఇవ్వలేదు, ర్యాకులు చేసిన వడ్రంగికి రెండోసారి డబ్బులిచ్చి కొత్త గదికి సరిపడేలా కోయించుకున్నాను.

ఇక సర్టిఫికెట్ అద్దె. మా వైపు ఇది రహస్యమేమీ కాదు. బి.ఫార్మసీ చదివి హైదరాబాదు దగ్గర మందుల కంపెనీలో ఉద్యోగం చేసుకుంటున్న ఒకాయన సర్టిఫికెట్ మా బంధువుల ద్వారా దొరికింది. మొదటి రెండేళ్ళు నెలకు 2,500, తర్వాత మూడేళ్ళు 4,000. మొత్తం 2,04,000 రూపాయలు. ఈ అయిదేళ్ళలో ఆయన మా షాపుకు వచ్చింది మూడుసార్లు. డాక్టరు రాసిన ఒక్క చీటీ చూసింది లేదు, ఒక్క రోగితో మాట్లాడింది లేదు. ఆ 2,04,000 పెట్టి నేను కొన్నది అద్దాల ఫ్రేములో ఒక కాగితం.

అయిదో ఏడు ఒక మధ్యాహ్నం డ్రగ్ ఇన్‌స్పెక్టర్ వచ్చారు. ఫార్మసిస్టు ఎక్కడ అని అడిగారు. భోజనానికి వెళ్ళారన్నాను. పిలిపించండి, కూర్చుంటాను అన్నారు. మూడువందల కిలోమీటర్ల దూరంలో ఉన్న మనిషిని ఎక్కడి నుంచి పిలిపించను? పదిహేను రోజులు లైసెన్సు సస్పెండు చేశారు. ఆయన చేసింది న్యాయమే. చీటీ మీద అమ్మే మందులు రిజిస్టర్డ్ ఫార్మసిస్టు స్వయంగా చూస్తుండగానే ఇవ్వాలని 1945 నాటి డ్రగ్స్ రూల్సులో 65వ రూలు చెప్తుంది. ఫార్మసీ చట్టం 1948లోదే, దాని 42వ సెక్షనూ రిజిస్టరు కాని మనిషి మందు ఇవ్వకూడదనే అంటుంది. ఈ అద్దె బేరాలు, ఫార్మసిస్టు లేని షాపులు ప్రజల ప్రాణాలతో ఆడుకోవడమేనని 2022 నవంబరులో బీహార్ కేసులో సుప్రీంకోర్టు కూడా గట్టిగా చెప్పింది. సస్పెన్షన్ అయిన నెలకే కంపెనీ ఆయన భయపడి తన సర్టిఫికెట్ వెనక్కి తీసుకున్నారు. ఇలా పోతే కొత్త ఫార్మసిస్టును చూసుకుని, ఆ మార్పు నెలలోగా లైసెన్సింగ్ అధికారికి రాసివ్వాలి. మీ వ్యాపారమంతా ఎక్కడో ఉన్న మనిషి మాట మీద ఆధారపడి ఉంటుందని అప్పుడు తెలిసొచ్చింది.

అప్పుడు నేను చేసిన మంచి పని ఒక్కటే. ఈసారి కాగితం వద్దు, మనిషి కావాలనుకున్నాను. పక్క మండలం నుంచి డి.ఫార్మసీ పూర్తిచేసిన ఒక అమ్మాయిని నెలకు 10,000 జీతానికి పెట్టుకున్నాను. ఉదయం తొమ్మిదికి వచ్చి సాయంత్రం దాకా కౌంటర్లోనే ఉండేది. నిజం చెప్తున్నాను, మొదటి నెలంతా ఆ జీతం నాకు దండుగలాగే అనిపించింది. మందులు తీసేది నేనే, బిల్లు వేసేది నేనే, పిల్ల ఊరికే చీటీలు అడిగి చూస్తుంది, కస్టమర్లను ప్రశ్నలు వేసి ఆలస్యం చేస్తుంది అనుకునేవాణ్ణి.

మాది కనిగిరి వైపు. ఫ్లోరైడు నీళ్ళు తాగి కీళ్ళు పట్టేసిన జనం ఉన్న ప్రాంతం. నొప్పుల బిళ్ళ లేకుండా పొద్దు గడవని ఇళ్ళు చాలా ఉన్నాయి. ఒకరోజు ఒక పెద్దావిడ ఒంగోలు డాక్టరు దగ్గర చూపించుకుని చీటీ తెచ్చింది. కీళ్ళవాతం. మెథోట్రెక్సేట్ 7.5, ఫోలిక్ యాసిడ్ 5 రాసి ఉన్నాయి. రెండూ చిన్న పసుపు బిళ్ళలే. డాక్టరు రాత గురించి మీకు నేను చెప్పనక్కర్లేదు. బిళ్ళ పేరు, మోతాదు నాకు స్పష్టంగా కనిపించాయి, పక్కనున్న గీతను నేను పట్టించుకోలేదు. "రెండూ రోజుకొకటి, అన్నం తిన్నాక వేసుకో పెద్దమ్మా" అని కవర్లో వేసి ఇచ్చేశాను. ఆవిడ మెట్లు దిగుతోంది.

ఆ అమ్మాయి లోపల స్టాకు సర్దుతున్నదల్లా నా మాట విని బయటికి పరుగెత్తింది. పెద్దావిడను చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకొచ్చి, చీటీ నా ముందు పెట్టి ఆ గీత మీద వేలు పెట్టింది. వారానికి ఒకసారి అని ఉంది అక్కడ. కీళ్ళవాతానికి మెథోట్రెక్సేట్ వారంలో ఒక్క రోజే వెయ్యాలి, ఫోలిక్ యాసిడ్ మిగతా రోజుల్లో. మెథోట్రెక్సేట్‌ను రోజూ వేసుకుంటే నోరంతా పుండ్లు పడతాయి, ఎముకల్లో మూలుగ దెబ్బతిని రక్తకణాలు పడిపోతాయి, మనిషి చనిపోవచ్చు. ఆమె ఇదంతా నాకు నెమ్మదిగా, పెద్దావిడకు వినపడకుండా చెప్పింది. తర్వాత కవరు మీద పెన్నుతో పెద్ద అక్షరాలతో "ఆదివారం మాత్రమే" అని రాసి, ఆవిడ చదవలేదని తెలుసుకుని, మనవడికి ఫోన్ చేయించి అతనికి రెండుసార్లు చెప్పింది.

అప్పటికి ఆ షాపులో అయిదేళ్ళు, అంతకు ముందు ఇంకో షాపులో నాలుగేళ్ళు కౌంటరు వెనక నిలబడ్డాను. మందు పేర్లన్నీ నోటికి వచ్చు. ఏది ఎవరిని చంపుతుందో మాత్రం రాదు. ఆ రోజు రాత్రి నిద్రపట్టలేదు. అంతకు ముందు నేను ఎన్ని కవర్లిచ్చి పంపించానో, వాటిలో ఏమేమి తప్పులున్నాయో నాకు ఇప్పటికీ తెలియదు, ఇక తెలిసే దారీ లేదు. ఆ ఏడే, అంటే 2016లో, డి.ఫార్మసీలో చేరాను. ఆ అమ్మాయి ఉండబట్టే షాపు మూతపడకుండా చదవగలిగాను. పొద్దున బస్సెక్కి కాలేజీ, సాయంత్రం షాపు. రెండేళ్ళ ఫీజులు, బస్సు ఖర్చులు, పుస్తకాలు కలిపి నాకు 80,000 దాకా అయింది. ఆ తర్వాత ఆసుపత్రిలో 500 గంటల ట్రైనింగు.

చదువులో అంతా బంగారమని చెప్పను. అప్పటిది 1991 సిలబస్. లవంగాన్ని, అల్లాన్ని అడ్డంగా కోసి సూక్ష్మదర్శినిలో చూసి బొమ్మలు వేశాం. ఏ మందుల షాపులోనూ ఇప్పుడు కలపని మిక్చర్లు, లోషన్లు కలిపాం. కానీ మందు ఒంట్లో ఎలా పనిచేస్తుందో చెప్పే ఫార్మకాలజీ పేపరు ఒక్కటే నా రెండేళ్ళకు సరిపోయింది. మోకాళ్ళ నొప్పికి డైక్లోఫెనాక్ అడిగిన మనిషిని బీపీ ఉందా, కిడ్నీ సంగతేమిటి అని ఎందుకు అడగాలో అక్కడ తెలిసింది. పన్నెండేళ్ళలోపు పిల్లలకు నిమెసులైడ్ ఇవ్వకూడదని 2011లోనే ఆపేశారని, జ్వరమొచ్చిన పిల్లలకు ఆ తర్వాత కూడా దాన్ని అడిగినవాళ్ళందరికీ నేను ఇచ్చుకుంటూ పోయానని తెలిసి సిగ్గుపడ్డాను. 2020లో తెచ్చిన కొత్త సిలబస్‌లో కమ్యూనిటీ ఫార్మసీ అని, అంటే కౌంటర్ దగ్గర రోగితో మాట్లాడే పనికి, విడిగా పేపరు పెట్టారు. మీరు చదివేది అదే కాబట్టి నాకంటే మీకు ఎక్కువ పనికొస్తుంది.

ఈ విధానంలో నాకు ఒక్క విషయం మీద గట్టి అభ్యంతరం ఉంది. హోల్‌సేల్ లైసెన్సుకు పదో తరగతి పాసై మందుల అమ్మకంలో నాలుగేళ్ళ అనుభవం ఉంటే చాలు, ఫార్మసిస్టు అక్కర్లేదు. రిటైల్‌కు వచ్చేసరికి ఆరేళ్ళయినా, ఇరవై ఏళ్ళయినా అనుభవానికి లెక్కే లేదు. అనుభవం ఒక్కటే చాలదని నా కథే చెప్తోంది, దాన్ని ఒప్పుకుంటాను. కానీ మీలాంటివాళ్ళు అప్పుడే బయటికొచ్చిన ఇంటర్ పిల్లవాడితో సమానంగా మొదటి రోజు నుంచీ పూర్తి రెండేళ్ళు కూర్చోవాలనడం, ఇల్లు నడపాల్సినవాళ్ళకు మోయలేని బరువు. కౌంటర్లో అయిదేళ్ళు చేసినవాళ్ళకు ట్రైనింగు గంటలైనా తగ్గించి, సాయంత్రం తరగతులు పెడితే ఈ సర్టిఫికెట్ అద్దెలు సగం వాటంతటవే పోతాయని నా నమ్మకం. అద్దెకు తెచ్చుకునేవాళ్ళలో చాలామంది దొంగలు కారు, చదువుకోవడానికి తీరిక లేనివాళ్ళు. నేనూ అలాగే మొదలుపెట్టాను.

అలాగని లైసెన్సే అక్కర్లేదనే మాట మాత్రం నా దగ్గర అనకండి. చట్టం ఎక్కడ సడలించాలో అక్కడ సడలించింది కూడా. జనాభా వెయ్యి దాటని పల్లెల్లో పారాసెటమాల్, నొప్పుల బామ్, గ్రైప్ వాటర్ లాంటి ఇంటిమందులు కొన్ని షరతులతో కిరాణా కొట్టులో కూడా అమ్ముకోవచ్చు. అంతకు మించిన మందు ఇచ్చే చోట తెలిసిన మనిషి ఉండి తీరాలి. టీబీ మందులు, పెద్ద యాంటీబయాటిక్స్ లాంటి హెచ్‌1 మందులు అమ్మితే రోగి పేరు, డాక్టరు పేరు, ఎన్ని ఇచ్చామో విడి రిజిస్టరులో రాసి మూడేళ్ళు దాచాలి. ఆ రాత విసుగనిపిస్తుంది. మా షాపులో అది రాసేటప్పుడే, ఒకే ఇంటివాళ్ళు నాలుగు నెలల్లో ఒకే యాంటీబయాటిక్ ఆరుసార్లు కొన్నారని కనిపెట్టి, వాళ్ళను పరీక్షలు చేయించుకోమని ఒంగోలు పంపించాం.

మీ లెక్కకు వద్దాం. ఇప్పుడు అద్దె నేనిచ్చినదానికంటే ఎక్కువే అడుగుతారు. నెలకు ఆరువేలనుకున్నా మూడేళ్ళకు 2,16,000 పోతుంది, చేతికి ఏమీ రాదు, తనిఖీ జరిగిన రోజున మీ లైసెన్సే పోతుంది. డి.ఫార్మసీకి కన్వీనర్ కోటాలో సీటు వస్తే అందులో సగం కూడా కాదు, తర్వాత ఆ రిజిస్ట్రేషన్ మీ సొంతం. మీ ఇంటర్ మార్కుల మీదే సీటు, రెండు రాష్ట్రాల్లోనూ సాంకేతిక విద్యా శాఖ ద్వారా. చేరేముందు ఆ కాలేజీకి ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా అనుమతి ఉందో లేదో కౌన్సిల్ వెబ్‌సైటులో మీ కళ్ళతో చూసుకోండి. క్లాసులకు రానక్కర్లేదు, పరీక్షకు వస్తే చాలనే కాలేజీకి పోకండి. 2022లో ఎగ్జిట్ పరీక్ష, అంటే కోర్సు అయ్యాక రాసే పరీక్ష, నిబంధనలు వచ్చాయి: మూడు పేపర్లు, ఒక్కోదాంట్లో 50 శాతం. అది పాసవకుండా ఫార్మసిస్టుగా రిజిస్టరు కారు. మీ బ్యాచ్‌కు ఎలా వర్తిస్తుందో రాష్ట్ర ఫార్మసీ కౌన్సిల్‌లో ముందే అడగండి. రెండేళ్ళు ఆగలేనంటే, షాపు ఇప్పుడే పెట్టి నిజంగా కూర్చునే ఫార్మసిస్టును జీతానికి పెట్టుకుని, వాళ్ళ దగ్గర నేర్చుకుంటూ చదవండి. నెలకు పన్నెండో పదిహేనో వేలు భారమే. అమ్మకం తక్కువున్న ఊళ్ళో అది కుదరకపోతే ఇప్పుడున్న షాపులోనే పనిచేస్తూ ముందు చదువు పూర్తిచెయ్యండి.

గది మాత్రం ఇప్పటి నుంచే వెతుక్కోవచ్చు. టేపు వెంట తీసుకెళ్ళండి. లోపలి గోడ నుంచి లోపలి గోడకు కొలవండి, షట్టరు బయటి అరుగు లెక్కలోకి రాదు. తొమ్మిదికి పన్నెండు అడుగులు బొటాబొటీగా సరిపోతుంది, పదికి పన్నెండు ఉంటే బెంగ లేదు. ఇన్సులిన్ పెట్టే ఫ్రిజ్జుకు విడిగా ప్లగ్ పాయింటు ఉందో లేదో చూసి, అప్పుడు అడ్వాన్సు మాట ఎత్తండి.