ఆ ఇసుక ఏ రంగులో ఉంది?

కడప

అమ్మా,

నీ వ్యాసం అందింది. ఫ్రెంచి చిత్రకారుడు మోనే 1867లో చిత్రించిన, ఫ్రాన్స్‌లోని సాంత్ అద్రెస్ సముద్రతీరం గురించి అనంతపురంలో కూర్చుని ఒక అమ్మాయి ఇన్ని పేజీలు రాసిందంటే నాకు సంతోషమే. కానీ మొదటి పేరా దగ్గరే కోపం వచ్చింది. "సముద్రం ఎరగని కరువు సీమలో పుట్టినదాన్ని, ఈ చిత్రం గురించి మాట్లాడే అర్హత నాకుందో లేదో" అని రాశావు. ఆ వాక్యం కొట్టేయి. మబ్బు పట్టిన పగటిపూట ఆరుబయట నిలబడి వేసిన చిత్రం అది. మబ్బు కమ్మితే నేల రంగు ఎలా మారుతుందో, చెట్ల కింద నీడలు ఎలా కరిగిపోతాయో, వేరుశనగ విత్తడానికి ఆకాశం వైపు చూస్తూ బతికే జిల్లాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? సముద్రం ఒడ్డున పుట్టినవాళ్ళు మబ్బును మనంత ఆత్రంగా చూడరు.

ఇక "ప్రశాంతత". ఆ మాట పేరా పేరాకూ ఉంది. చిత్రం చూసిన ప్రతివాళ్ళూ ఆ మాట అంటారు. అది ఎక్కడి నుంచి వస్తోందో నువ్వు చెప్పాలి. ఆకాశం, నీరు, ఇసుక. చిత్రంలో ఎక్కువ భాగం ఈ మూడే. వెడల్పుగా పరిచిన రంగు మీద పొట్టి కుంచె గీతలు: అలలకు నీలం, మబ్బులకు తెలుపు, గులకరాళ్ళ ఒడ్డుకు దంతపు రంగు. జాలరులు తమ పనిలో ఉన్నారు. నీటి అంచున చీమంత జంట. వాళ్ళను అంత చిన్నగా ఎందుకు వేశాడని అడిగావు చూడు, వ్యాసంలో నాకు నచ్చిన వాక్యం అదొక్కటే. అడిగి వదిలేశావు! అదే ఏడాది అదే ఒడ్డున మోనే వేసిన పడవ పందెం చిత్రం న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. అందులో ఎండ, తెల్లటి తెరచాపలు, ముస్తాబై వేడుక చూడటానికి వచ్చిన జనం. రెండింటినీ పక్కపక్కన పెట్టుకో. నీ చిత్రంలో ఎవరు లేరో, ఏ వెలుగు లేదో అప్పుడు తెలుస్తుంది. నీ ప్రశాంతత అక్కడ ఉంది.

పడవలకు "అంచులు సరిగా తేలలేదు" అన్నావు. లేపాక్షి గుడి పైకప్పు మీది బొమ్మలు చూసి పెరిగిన కన్ను అలాగే అంటుంది. అక్కడ గీత రంగును కట్టి ఉంచుతుంది. నిమ్మలకుంట తోలుబొమ్మల్లోనూ అంతే. మోనే దగ్గర రెండు రంగులు తాకే చోటే అంచు. ఈ తేడా గురించి నువ్వొక పేజీ రాసి ఉంటే ఎంత బాగుండేది! పారిస్‌లో ఉన్నవాళ్ళు రాయలేని పేజీ అది.

దాని బదులు, ఆ వేసవిలో మోనేకు డబ్బు లేదని, మేనత్త ఇంట్లో ఉన్నాడని, పారిస్‌లో కొడుకు పుట్టాడని అరపేజీ నింపావు. ఇప్పుడు అందరూ చేస్తున్నది ఇదే. చిత్రకారుడి కష్టాలు, వేలంలో పలికిన ధర రాస్తే కళావ్యాసం అయిపోయిందనుకుంటున్నారు. రంగు గురించి ఒక్క ముక్క ఉండదు. కథే కావాలంటే రంగులోనే ఉంది. 1841లో జాన్ రాండ్ అనే అమెరికన్ చిత్రకారుడు రంగులు నింపే తగరపు ట్యూబుకు పేటెంటు తీసుకున్నాడు. అంతకుముందు నూరిన రంగును పంది మూత్రాశయపు తిత్తుల్లో దాచేవాళ్ళు. ట్యూబు వచ్చాక రంగులు మోసుకుని ఒడ్డుకు వెళ్ళడం తేలికైంది. 1870లో మోనే ఫ్రాన్స్‌లోనే త్రువీల్ అనే తీరపు ఊళ్ళో వేసిన బీచ్ చిత్రం లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. దాని రంగులో నిజమైన ఇసుక రేణువులు అంటుకుని ఉన్నాయి. ఆ గాలి, ఆ ఒడ్డు ఆ బట్ట మీద ఉన్నాయమ్మా! ఇది రాయి.

నేను మోనేను మొదట చూసింది మా ఊరి గ్రంథాలయంలో, నలుపు తెలుపు అచ్చులో. నీలం ఎక్కడుందో, ఆకుపచ్చ ఎక్కడుందో ఆ బూడిద మరకల్లో వెతుక్కునేవాణ్ణి. ఆ ఆకలితోనే గండికోట వెళ్ళి, పెన్న లోయలో ఎర్రటి బండల మీద సాయంత్రం నీడ ఊదాగా పడుతుంటే గంటల తరబడి చూసి ఒక వ్యాసం రాశాను. ఒక సంపాదకుడు రంగులన్నీ కోసేసి, "ప్రకృతి ఒడిలో" అని పేరు పెట్టి వేశాడు. పాఠకుడికి నీడ రంగు ఎందుకండీ అన్నాడు. ఆ మాట నేను ఇప్పటికీ క్షమించలేదు. నీడకు రంగుందని చెప్పడానికి మోనే, అతని తోటి చిత్రకారులు ఎన్ని తిట్లు తిన్నారో ఆ సంపాదకుడికి తెలియదు.

నీ దగ్గర ఫోను ఉంది. చికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు తమ దగ్గరున్న నీ సాంత్ అద్రెస్ చిత్రాన్ని తమ సైటులో ఉచితంగా ఉంచారు. కుంచె గీతలు విడివిడిగా కనిపించేదాకా పెద్దది చేసి చూడు. అసలు చిత్రం రెండున్నర అడుగుల ఎత్తు, మూడడుగులకు పైగా వెడల్పు. ఆ కొలత గోడ మీద సుద్దతో గీసుకుని ఎదురుగా నిలబడు. ఆ జంట ఎంత చిన్నదో అప్పుడు అంచనాకు వస్తుంది.

ఏ పత్రికకు పంపాలని అడిగావు. ముందు రెండో పేజీ తిరగరాయి. "మనోహరం", "కళ్ళకు కట్టినట్టు" ఎక్కడ కనిపించినా తీసేసి, అక్కడ ఏ రంగు చూశావో రాయి. ఇసుకతో మొదలుపెట్టు. దసరాలోగా నాకు పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు