మరిది తెచ్చిన సీసా, అత్తగారి మాత్ర

ప్రశ్న: డాక్టరు గారూ, మా అత్తగారికి 68 ఏళ్లు. నిద్ర కోసం కొన్నేళ్లుగా రాత్రిపూట అల్ప్రజోలం వేసుకుంటున్నారు. చీటీ లేకుండానే మందుల షాపులో ఇస్తున్నారు. హైదరాబాదు నుంచి వచ్చిన మా మరిది "ఇది మానేసి సహజమైనది వేసుకో అమ్మా" అంటూ గాబా మాత్రల సీసా ఇచ్చి వెళ్లాడు. మొలకెత్తిన దంపుడు బియ్యంలోనూ గాబా ఉంటుందట. మార్చవచ్చా?
– ఒక కోడలు, రాజోలు

జవాబు: ఈ సీసా వచ్చాక కూడా పాత మాత్ర వేసుకుంటున్నారా, ఆపేశారా? అది రాయలేదు మీరు. వేసుకుంటుంటే ఆపకండి. ఆపేసి ఉంటే ఇవాళే డాక్టరుకు చూపించండి, మిగతాది తరువాత చదువుకోవచ్చు.

గాబా అంటే నరాల కణాలను శాంతపరిచే పదార్థం. అది మెదడులో ఉందని 1950లో తెలిసింది. నరాల కణాలను ఉసిగొలిపే గ్లుటమేట్ నుంచే మెదడు ఈ శాంతపరిచే పదార్థాన్ని తయారుచేసుకుంటుంది. అందుకు బి6 విటమిన్ కావాలి. కాలువకు లాకులున్నట్టు కణం గోడలో క్లోరైడ్ దారులుంటాయి. గాబా వాటిని తెరిస్తే కణం నెమ్మదిస్తుంది. అల్ప్రజోలం తానుగా లాకు ఎత్తదు, ఎత్తే గాబా చేతికి బలమిస్తుంది. ఏళ్ల తరబడి ఆ సాయం అందితే మెదడు దానికే అలవాటు పడుతుంది. ఉన్నట్టుండి ఆపితే నిద్రలేమి, వణుకు, గుండెదడ, ఒక్కోసారి మూర్ఛ. మద్యమూ ఈ దారుల మీదే పనిచేస్తుంది. రోజూ బాగా తాగేవారు కార్తికంలో మాల వేసుకుని ఒక్కసారిగా మానేస్తారు, రెండు రోజులు తిరగకుండానే మూర్ఛతో ఆసుపత్రికి వస్తారు. కోనసీమలో ఏటా చూస్తాను. భక్తిని తప్పుపట్టను గానీ, మాలకు ముందే డాక్టరును కలవవచ్చు కదా!

ఇక ఆ సీసా. నోటితో మింగిన గాబా రక్తం నుంచి మెదడులోకి చేరేది బహుశా స్వల్పమే. అల్ప్రజోలం ఆపితే వచ్చే మూర్ఛను అది ఆపదు. మొలకెత్తిస్తే దంపుడు బియ్యంలో గాబా పెరిగే మాట నిజమే. మీ చేలో వడ్లుంటే నిక్షేపంగా వండిపెట్టండి, అన్నంగా.

అయితే మీ మరిది సగం సరిగ్గానే చెప్పాడు. ఈ వయసులో అల్ప్రజోలం మంచిది కాదు. రాత్రి బాత్రూముకు లేచి తూలిపడతారు, తుంటి విరుగుతుంది, మతిమరుపు పెరుగుతుంది. చీటీ లేకుండా అమ్మడం చట్టవిరుద్ధం కూడా. కానీ మానిపించేది వారాలు, నెలల మీద, మోతాదు కొంచెం కొంచెంగా తగ్గిస్తూ, డాక్టరు చూస్తుండగా. వెళ్లేటప్పుడు ఆమె వాడే మాత్రలన్నీ, ఆ సీసాతో సహా, సంచిలో వేసుకుని వెళ్లండి. మధ్యాహ్నం ఎంతసేపు పడుకుంటారో కూడా చెప్పండి. భోజనం చేసి మూడు గంటలు నిద్రపోయే మనిషికి రాత్రి నిద్ర రాకపోవడం జబ్బు కాకపోవచ్చు.