మూడు రూపాయల వడ్డీకి తెచ్చి ఇంటర్న్‌షిప్‌కి పంపాలా?

ప్రశ్న: మాది తెనాలి, కిరాణా కొట్టు నడుపుతాను. మా అబ్బాయి ఈసీఈ మూడో సంవత్సరం. ఈ వేసవిలో బెంగళూరులోని ఒక రీసెర్చ్ ల్యాబ్‌లో 8 వారాల ఇంటర్న్‌షిప్ వచ్చింది. నెలకు 10,000 స్టైపెండ్. అదీ చివర్లో రిపోర్టు ఇచ్చాక ఒకేసారి ఇస్తారట. ఇక్కడ ఇంకో కంపెనీ 15,000 కడితే ఆన్‌లైన్‌లో ఇంటర్న్‌షిప్ చేయించి సర్టిఫికెట్ ఇస్తానంటోంది. నాకు 2 లక్షల చీటీ ఉంది, ఇప్పుడు పాడితే 40,000 పోతుంది. తెలిసినాయన మూడు రూపాయల వడ్డీకి ఇస్తానన్నారు. లక్ష రూపాయల ఎఫ్‌డీ డిసెంబరులో చేతికొస్తుంది. ఏది నయం? మా అమ్మాయి కూడా బీటెక్ రెండో సంవత్సరం.

జవాబు: అబ్బాయిని బెంగళూరు పంపండి. 15,000 అడుగుతున్నది ఇంటర్న్‌షిప్ కాదు, కోర్సు. కోర్సు కావాలంటే అంతకన్నా చవగ్గా బోలెడు దొరుకుతాయి.

ఇక డబ్బు సంగతి. షేరింగ్ గది, భోజనం కలిపి పీజీ (పేయింగ్ గెస్ట్) హాస్టల్‌కి నెలకు 9,000 అనుకుందాం, రెండు నెలలకు 18,000. రానుపోను రైలు, ఆటోలకు 2,000. సిటీ బస్సులు, టీలు, చిల్లర ఖర్చులకు 6,000. మొత్తం 26,000. స్టైపెండ్ 20,000 పోను మీ చేతి నుంచి పడేది 6,000. ఈ 6,000 కోసం చీటీలో 40,000 వదులుకోవడం ఏ లెక్కనా కుదరదు. దాన్ని ముట్టుకోకండి.

అసలు ఇబ్బంది స్టైపెండ్ చివర్లో రావడం. పీజీ వాళ్లు ఒక నెల అద్దె అడ్వాన్సు అడిగితే స్టైపెండ్ పడేలోపు 35,000 దాకా సర్దాలి. మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం. 35,000కి నెలకు 1,050, మూడు నెలలకు 3,150. మీ ఎఫ్‌డీ ఉన్న బ్యాంకులోనే దాని మీద ఓవర్‌డ్రాఫ్ట్ అడగండి, అంటే ఎఫ్‌డీని తీయకుండా దాని హామీ మీద కావలసినప్పుడు కావలసినంత తీసుకునే అప్పు. మామూలుగా ఎఫ్‌డీ వడ్డీ కంటే ఒకటి, రెండు శాతం ఎక్కువ తీసుకుంటారు. 9 శాతం అనుకున్నా మూడు నెలలకు 800 దాటదు. పైగా వాడుకున్న సొమ్ముకే వడ్డీ. మొదట 20,000 తీసి, రెండో నెల మిగతాది తీస్తే ఇంకా తగ్గుతుంది. ఎఫ్‌డీ వడ్డీ దాని దారిన అది వస్తూనే ఉంటుంది. అదే ఎఫ్‌డీని మధ్యలో తీసేస్తే లక్ష మీదా వడ్డీ రేటు కోస్తారు. ఆగస్టుకల్లా స్టైపెండ్, పీజీ అడ్వాన్సు కలిపి 29,000 తిరిగొస్తాయి. మిగతా 6,000 కొట్టు మీద సర్దేయండి.

పీజీ మాట్లాడే ముందు క్యాంపస్ హాస్టల్లో గది దొరుకుతుందేమో ల్యాబ్ వాళ్లకు ఒక మెయిల్ పెట్టించండి. వేసవిలో పిల్లలు ఊళ్లకు వెళ్తే గదులు ఖాళీ అవుతుంటాయి. దొరికితే పై లెక్కంతా సగానికి దిగొచ్చు. బెంగళూరులో చుట్టాలున్నారని రెండు నెలలు వాళ్లింట్లో దింపడం నాకైతే నచ్చదు. ఊరికి ఆ చివర ఇల్లు, ఈ చివర ల్యాబ్ అయితే రోజుకు మూడు గంటలు ట్రాఫిక్‌లోనే పోతాయి.

స్టైపెండ్ పడటానికి అబ్బాయి పేరు మీదే ఖాతా, పాన్ ఉండాలి. ఇంత మొత్తానికి పన్ను పడదు. ఎవరైనా ముందే పన్ను (టీడీఎస్) కోసినా ఆదాయపు పన్ను రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు. ఈ 8 వారాలను కాలేజీ ఇంటర్న్‌షిప్ కింద లెక్కేస్తుందా లేదా అన్నది హెచ్‌ఓడీ దగ్గర ముందే రాతపూర్వకంగా తీసుకోండి. అది కుదరక తర్వాత మళ్లీ డబ్బు కట్టి సర్టిఫికెట్ కొనుక్కున్న ఇళ్లు నాకు తెలుసు.

అమ్మాయికి ఇంకా టైముంది. దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఏటా వేసవి రీసెర్చ్ ఫెలోషిప్‌లు ఇస్తాయి. గాంధీనగర్ ఐఐటీ వేసవి ప్రోగ్రాంలో వారానికి 2,000 ఇస్తూ వచ్చారు. అకాడమీల దరఖాస్తులు వేసవిలో కాదు, ముందు ఏడాది చివర్లోనే మొదలైపోతాయి. దసరా సెలవుల నుంచే నోటిఫికేషన్ చూసుకుంటూ, బాగా తెలిసిన లెక్చరర్ ఒకరిని సిఫారసు లేఖ అడిగి పెట్టుకోమనండి.