లండన్‌లో మొదటి నవంబరు

ఈ సెప్టెంబరులో లండన్ బయలుదేరే మన హైదరాబాద్ పిల్లలు అందరూ చలి గురించే అడుగుతున్నారు. చలికి మంచి జాకెట్, థర్మల్స్ చాలు. నాకు మీ మీద బెంగంతా అక్కడి పొద్దు గురించే.

మన దగ్గర డిసెంబరులోనూ పగలు 11 గంటలుంటుంది. మే ఎండలకు చిరాకుపడతాం, తొలకరి పడితే ప్రాణం లేచివస్తుంది. కానీ వెలుతురు కరువు మనమెరగం. లండన్‌లో అక్టోబరు ఆఖరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. డిసెంబరు నడిమికి ఉదయం ఎనిమిదికి సూర్యోదయం, సాయంత్రం నాలుగు కాకముందే అస్తమయం.

మొదటి ఏడు నాకు పది గంటలు పడుకున్నా లేవబుద్ధయ్యేది కాదు. ఎంతసేపూ అన్నం, స్వీట్ల మీదే ధ్యాస. ఆరింటికి గదికి చేరి అమ్మతో మాట్లాడదామంటే మలక్‌పేటలో రాత్రి పదకొండున్నర. నేను దేనికీ పనికిరాననీ, లండన్ రావడమే తప్పనీ గట్టిగా నమ్మేశాను. తిరుగు టికెట్ కూడా వెతికాను. మార్చిలో పగలు పెరిగాక ఆ దిగులు దానంతటదే పోయింది. అది సీజనల్ డిప్రెషన్, అంటే చలికాలంలో వెలుతురు తగ్గడంతో వచ్చే దిగులు అనీ, వైద్యులు దాన్ని 1984లోనే వివరించారనీ తర్వాత తెలిసింది. అందరికీ అంత తీవ్రంగా రాదు.

తెల్లవారగానే అరగంట బయట నడవండి. మబ్బు పట్టినా సరే, గదిలో లైట్ల కంటే బయటి వెలుతురు ఎన్నో రెట్లు ఎక్కువ. ఒంట్లోని గడియారాన్ని సరిచేసేది అదే. ఆ నడకలోనే ఇంటికి ఫోన్ చేయండి. మీకు ఎనిమిదింబావంటే ఇంటి దగ్గర పావుతక్కువ రెండు, అమ్మ భోజనం చేసి తీరుబడిగా ఉంటుంది. నేను ఇప్పటికీ అలాగే చేస్తాను.

10,000 లక్స్ (వెలుతురు కొలత) కాంతినిచ్చే లైట్ బాక్స్ అనే దీపం కూడా కొందరికి పనిచేస్తుంది. కంటి జబ్బు, బైపోలార్ (మనసు అతి ఉత్సాహానికీ దిగులుకీ మధ్య ఊగే జబ్బు) ఉన్నవాళ్లు డాక్టరును అడిగాకే వాడాలి. చలికాలంలో రోజుకు 10 మైక్రోగ్రాముల విటమిన్ డి వేసుకోవచ్చని అక్కడి ప్రభుత్వమే చెబుతుంది. దిగిన వారంలోనే జీపీ, అంటే అక్కడి ఫ్యామిలీ డాక్టరు దగ్గర పేరు నమోదు చేసుకోండి. దిగులు రెండు వారాలు వదలకపోతే వెళ్లి చెప్పండి. చచ్చిపోవాలనే ఆలోచన వస్తే ఆ క్షణమే అక్కడి వైద్య సహాయ నంబరు 111కి ఫోన్ చేయండి, ప్రాణానికే ముప్పనిపిస్తే అత్యవసర నంబరు 999కి.

డిసెంబరులో మాత్రం చదువు మానేసి వచ్చేయాలన్న నిర్ణయం తీసుకోకండి. మార్చి దాకా ఆగండి. అమ్మానాన్నలకు కూడా ఒక మాట: పిల్లలు ఫోన్లో ముభావంగా ఉంటే మార్కుల గురించి తర్వాత అడగండి, "పొద్దున బయటికెళ్లావా నాన్నా?" అని ముందు అడగండి.