లా పాఠాలు కొంత వీడియోల్లో, కొంత క్లాసులో చెప్తే లాయర్‌గా పనికొస్తారా?

భీమవరంలో లా చదివే మీ అబ్బాయికి కొన్ని పాఠాలు వీడియోల్లో ఇస్తున్నారని, డిగ్రీ చెల్లుతుందో లేదోనని మీకు టెన్షన్. క్లాసులు మానేసి వీడియోలే అంటే ఒప్పుకోవద్దు. లా చదువుకూ లాయర్లకూ నియమాలు పెట్టే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నియమాల ప్రకారం దూరవిద్యలో చదివిన లా డిగ్రీతో ఎన్‌రోల్‌మెంట్, అంటే లాయర్‌గా నమోదు, రాదు. ప్రతి సబ్జెక్టులో 70 శాతం హాజరు ఉండాలి. క్లాసుకు తోడుగా వీడియోలంటే మాత్రం మంచిదే.

ఎలాగంటే, రైలాండ్స్ వర్సెస్ ఫ్లెచర్ అనే 1868 నాటి ఇంగ్లండ్ తీర్పు ఉంది. ఒకరి రిజర్వాయర్ నీళ్లు పక్కవాడి గనిలోకి పోయాయి. జాగ్రత్త తప్పాడని రుజువు కాకపోయినా యజమానిదే బాధ్యత అన్నారు. ఈ కథంతా రాత్రి ఇంట్లో ఫోన్లో వినొచ్చు. తెల్లారి క్లాసులో లెక్చరర్ మన ఊరి తగవు ముందు పెట్టాలి: రొయ్యల చెరువు ఉప్పునీరు పక్క వరిచేలోకి ఊరింది, చేను కౌలుది, కాగితం లేదు. నష్టం ఎవరు అడగాలి, కౌలుదారా, భూస్వామా? నోటీసు ఎవరి పేరున? అక్కడ నోరు పెగలాలి, డ్రాఫ్టు రాయాలి, తిట్లు తినాలి. ఆ పని వీడియో చేయలేదు.

సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం వాదనలు 2022 నుంచి లైవ్‌లో వస్తున్నాయి, చూడమనండి. కానీ సాక్షికి అడ్డప్రశ్నలు వేయడం తెలియాలంటే జిల్లా కోర్టు బెంచీ మీద కూర్చోవాల్సిందే. మూడేళ్ల కోర్సుకు 12 వారాలు, అయిదేళ్ల కోర్సుకు 20 వారాల ఇంటర్న్‌షిప్ పెట్టింది అందుకే. సర్టిఫికెట్ కోసం సంతకాలు చేయించుకునే బాపతు ఇంటర్న్‌షిప్‌లూ ఉన్నాయి, అది వేరే కథ.