మీరు అడిగారు: బేస్‌బాల్ పిల్లగాడికి ఇంట్లో గది ఇవ్వాలా?

ప్రశ్న: సార్, మా బిడ్డ, అల్లుడు అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలో ఒక చిన్న ఊళ్ళో ఉంటారు. మొన్న వీడియో కాల్‌లో ఒక మాట చెప్పింది, అప్పటి నుంచి నాకు నిద్ర లేదు. ఆ ఊరి బేస్‌బాల్ టీమ్‌లో ఎండాకాలం ఆడటానికి ఎక్కడెక్కడి నుంచో కాలేజీ పిల్లలు వస్తారట, వాళ్ళకు జీతం ఉండదట, ఊళ్ళోవాళ్ళే ఒక్కొక్కరిని ఇంట్లో పెట్టుకోవాలట. పక్కింటివాళ్ళు అడిగితే అల్లుడు సరే అనేశాడు. ఇంట్లో ఆరేళ్ళ మనవరాలు ఉంది. మేం మాంసం ముట్టం. ముక్కూమొహం తెలియని పిల్లగాణ్ణి రెండు మూడు నెలలు ఎట్లా పెట్టుకుంటారు? కిరాయి కూడా ఇవ్వరట. టికెట్లు అమ్ముకునే టీమ్‌కు మనమెందుకు ఊరికే అన్నం పెట్టాలి? ఇదేమన్నా మోసమా?
- ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: మోసం కాదమ్మా, అక్కడ చాలా ఏళ్ళుగా ఉన్న పద్ధతే. కాలేజీ టీమ్‌ల సీజన్ ఫిబ్రవరిలో మొదలై మే, జూన్‌కల్లా అయిపోతుంది. ఆ తర్వాత సెలవుల్లో ఖాళీగా కూర్చుంటే చేయి మొద్దుబారుతుంది కాబట్టి, పెద్ద లీగ్‌ల కంట పడాలనుకునే పిల్లలు ఇలాంటి చిన్న ఊళ్ళ టీమ్‌లకు వస్తారు. మీ బిడ్డవాళ్ళు ఉండే రాష్ట్రంలో నార్త్‌వుడ్స్ లీగ్ అని ఒకటి 1994 నుంచి నడుస్తోంది, బహుశా వాళ్ళ ఊరి టీమ్ కూడా అందులోదే అయి ఉంటుంది. మే చివర మొదలుపెట్టి ఆగస్టు సగం దాకా, దాదాపు రోజూ మ్యాచే. మిసిసిపీ నది ఒడ్డున లా క్రాస్ అనే ఊరుంది, యాభై వేల జనాభా, అంటే మన మిర్యాలగూడకన్నా చిన్నది. ఆ ఊరి టీమ్‌కు ఆడి వెళ్ళిన మాక్స్ షెర్జర్ తర్వాత అమెరికాలో బౌలర్లకు ఇచ్చే అతి పెద్ద అవార్డు మూడుసార్లు గెలిచాడు.

జీతం ఎందుకివ్వరంటే, ఆడినందుకు జీతం తీసుకుంటే కాలేజీ తరఫున ఆడే అర్హత పోయే ప్రమాదం ఉంది. 2021 నుంచి యాడ్‌లలాంటి వాటితో తమ పేరు మీద సంపాదించుకోవచ్చన్నారు గానీ ఎండాకాలం టీమ్ జీతం సంగతి వేరు. మరి జీతం లేని పిల్లగాడు ఊరుకాని ఊళ్ళో గది అద్దె ఎక్కడ్నుంచి తెస్తాడు? మన పెద్దల కాలంలో వారాలు చేసుకుని చదువుకున్నవాళ్ళు గుర్తున్నారు కదా, సోమవారం ఒక ఇంట్లో భోజనం, మంగళవారం ఇంకో ఇంట్లో. ఇదీ అలాంటిదే, కాకపోతే ఏడు ఇళ్ళకు బదులు సీజన్ అంతా ఒకటే ఇల్లు. టీమ్ ఓనర్ టికెట్లు, బీర్లు, టీషర్టులు అమ్ముకుంటున్నాడు కదా అన్న మీ మాట మాత్రం నూటికి నూరుపాళ్ళూ నిజం. పాతిక ముప్పై మంది పిల్లలకు గదులు అద్దెకు తీసుకోవాల్సి వస్తే చాలా ఊళ్ళలో ఆ టీమ్‌లు ఒక్క సీజన్ కూడా నిలబడవు. అందుకే ఇల్లు ఇచ్చినవాళ్ళకు మామూలుగా సీజన్ పాస్‌లు ఇచ్చి మర్యాద చేస్తుంటారు.

ఇక ఇంట్లో సంగతి. ఆ పిల్లగాడు పగలు పది పదకొండుకు లేస్తాడు, ఫ్రిజ్ తలుపు తీసి నిలబడతాడు, మధ్యాహ్నం గ్రౌండ్‌కు పోతే మ్యాచ్ అయ్యి వచ్చేసరికి రాత్రి పదిన్నర, పదకొండు. వేరే ఊళ్ళో మ్యాచ్ ఉంటే బస్సు తెల్లవారుజామున దింపినా దింపుతుంది. కాబట్టి తాళం చెవి ఒకటి ఇవ్వాలి, కుక్క ఉంటే దానికి అలవాటు చెయ్యాలి. బేస్‌ల దగ్గర మట్టిలో దొర్లి వచ్చిన తెల్ల ప్యాంటు మరక ఒక్క ఉతుకుకు పోదు, ఆ ప్యాంటు ఎవరు ఉతకాలో మొదటి రోజే మాట్లాడుకోవాలి. ఇక్కడే నాకొక సందేహం. అల్లుడు సరే అన్నాడు అని రాశారు, బాగానే ఉంది, మీ బిడ్డ ఏమంది? వంట, బట్టలు, అర్ధరాత్రి గేటు చప్పుడు చివరికి ఎవరి మీద పడతాయో మీకూ నాకూ తెలుసు. ఆమె మనస్ఫూర్తిగా ఒప్పుకోకపోతే మొహమాటం లేకుండా వద్దనమనండి, ఊళ్ళో ఇంకో ఇల్లు దొరుకుతుంది.

తిండికి పెద్ద టెన్షన్ అక్కర్లేదు. మా ఇంట్లో మాంసం వండం అని ముందే చెప్పి, దానికి సర్దుకునే పిల్లగాణ్ణి పంపమని అడగొచ్చు, బయట వాడు చికెన్ తింటే అది వాడిష్టం. గుడ్డు సంగతి మాత్రం ముందే తేల్చుకోవాలి, లేకపోతే రెండోరోజు పొద్దున్నే మీ బిడ్డ పెనం మీద ఆమ్లెట్ పడుతుంది.

మనవరాలి గురించి మీ భయం సరైనదే, దాన్ని చాదస్తం అని ఎవరన్నా కొట్టిపారేస్తే ఒప్పుకోవద్దు. ఇల్లు ఇచ్చేవాళ్ళ పూర్వాపరాలు చాలా టీమ్‌లు ఆరా తీస్తాయి. అలాగే వచ్చే పిల్లగాడి గురించి ఏం చూశారో మనమూ అడగాలి, వాళ్ళ కాలేజీ కోచ్‌తో ఒకసారి మాట్లాడతామన్నా తప్పు లేదు. వేరే గది, వేరే బాత్‌రూమ్ లేని ఇంట్లో అయితే నేనే వద్దంటాను. పాపను వాడి దగ్గర వదిలి బయటికి పోవద్దు, వాడు ఎంత మంచివాడైనా సరే. ఈ ఇళ్ళ ఏర్పాట్లు చూసే మనిషి టీమ్‌లో ఒకరుంటారు, ఆ నంబర్ మీ బిడ్డ ఫోన్‌లో ఉండాలి, కుదరకపోతే మధ్యలోనే మార్చేస్తారు. పాప వాడికి బాగా అలవాటయ్యాక వాడు హఠాత్తుగా పోవచ్చు కూడా, ముఖ్యంగా బౌలర్ అయితే, ఇన్ని ఇన్నింగ్స్ మించి వెయ్యనివ్వొద్దని కాలేజీ కోచ్ ముందే లెక్క పెట్టి పంపుతాడు, అది అయిపోగానే ఇంటికి రమ్మంటాడు.

ప్రశ్న: డిగ్రీ కాలేజీలో వ్యాయామం చెప్తాను. ఇలాంటి ఎండాకాలం జట్టు మన పాలమూరులో పెడితే నడుస్తుందా?
- ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్

జవాబు: మే నెలలో మధ్యాహ్నం మూడింటికి స్టేడియంలో నిలబడి ఆ ప్రశ్న మళ్ళీ అడగండి సార్! వాళ్ళకు జూన్, జూలైలో రాత్రి ఎనిమిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది, చల్లగాలి ఉంటుంది. అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్‌లోనైతే ఏటా జూన్‌లో రాత్రి పది ప్రాంతంలో మ్యాచ్ మొదలుపెట్టి లైట్లు వేయకుండా ఆడతారు, 1906 నుంచి ఉన్న ఆనవాయితీ అది. మనకు మే నెలలో గ్రౌండ్ కాళ్ళు పెట్టే స్థితికి వచ్చేసరికే చీకటి పడుతుంది, ఇక ఫ్లడ్‌లైట్ల కరెంటు బిల్లు ఎవరు కడతారన్నది మొదటి ప్రశ్న. పైగా మన సెమిస్టర్ పరీక్షలు ఎప్పుడు అయిపోతాయో యూనివర్సిటీకే తెలియదు.

ఇంకో కారణం కూడా ఉంది. 2021లో అక్కడి పెద్ద లీగ్ తన కింద ఉన్న చిన్న టీమ్‌లను 160 నుంచి 120కి కుదించింది. టీమ్ పోయిన ఊళ్ళలో కొన్ని, ఉన్న స్టేడియంలోనే కాలేజీ పిల్లలతో ఆట నడిపించుకున్నాయి, ఆ చిన్న టీమ్‌ల లీగ్‌లలో ఒకటైన అపలాచియన్ లీగ్ అయితే మొత్తంగా కాలేజీ పిల్లల లీగ్‌గా మారిపోయింది. స్టేడియం, సీట్లు, టికెట్ కొని వచ్చే అలవాటు ముందే ఉన్నాయన్నమాట. మనకు ఆ అలవాటు లేదు, ఊరి టోర్నమెంట్‌కు టికెట్ పెడితే మనవాళ్ళు గోడ ఎక్కి చూస్తారు. నా సలహా వేరు: బేస్‌బాల్ వదిలేయండి, కబడ్డీ తీసుకోండి, దసరా సెలవుల్లో పెట్టండి, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పిల్లల్ని పిలిచి హాస్టల్లో పడేయకుండా తలా ఒక ఇంట్లో ఉంచండి. తమ ఇంట్లో జొన్నరొట్టె తిన్న పిల్లగాడు ఆడుతుంటే ఆ వాడంతా గ్రౌండ్‌కు వస్తుంది.

ప్రశ్న: ఊళ్ళో ఫాస్ట్ బౌలర్‌ని. ఎంఎస్‌కు అమెరికా పోతున్నా, అలాంటి టీమ్‌లో ట్రై చేయొచ్చా?
- ఒక విద్యార్థి, దేవరకొండ

జవాబు: కష్టం తమ్ముడూ. ఆ టీమ్‌లకు పిల్లల్ని ఎక్కువగా కాలేజీ కోచ్‌ల మాట మీదే తీసుకుంటారు, కాలేజీ టీమ్‌లో లేనివాడికి దారి దాదాపు మూసుకున్నట్టే. మన దేశం నుంచి బౌలింగ్ పోటీలో గెలిచి 2008లో పిట్స్‌బర్గ్ బేస్‌బాల్ టీమ్‌తో సంతకం చేసిన రింకూ సింగ్, దినేశ్ పటేల్ ఇద్దరూ జావెలిన్ విసిరేవాళ్ళు, క్రికెటర్లు కారు. మనం మోచేయి మడవకుండా వేయడం నేర్చుకున్నాం, అక్కడ మడిచి విసరాలి. చూడటానికి తప్పకుండా వెళ్ళు, టికెట్ పెద్ద ఖరీదు ఉండదు. కాలేజీలో లోహపు బ్యాట్‌తో ఆడి వచ్చిన పిల్లలు ఈ ఎండాకాలం టీమ్‌లలో చెక్క బ్యాట్ పట్టాలి, బంతి పిడి దగ్గర తగిలితే బ్యాట్ రెండు ముక్కలవుతుంది, అలాంటప్పుడు కూడా ఎవడు నిలబడి కొడతాడో చూడటానికే పెద్ద టీమ్‌ల మనుషులు వచ్చి కూర్చుంటారు. గేటు దగ్గర టికెట్లు చింపే పని ఉంది, చేస్తావా అని ఎవరన్నా అడిగితే మాత్రం వెంటనే ఊ అనకు. నీది స్టూడెంట్ వీసా, క్యాంపస్ బయట పని అంటే అనుమతి కావాలి, ముందు యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే ఆఫీసులో అడుగు.